మా మామయ్య కిలో రాయి

నేను ఏడో తరగతి మూడుసార్లు చదివాను. ఒక్కసారి చదివి పై తరగతికి పారిపోయినవాళ్లకే అంత తెలివి ఉంటే, మూడుసార్లు చదివినవాడికి ఎంత ఉండాలో మీరే ఊహించుకోండి. ఊళ్లో సగం దుకాణాల బోర్డులు నా చేతి రాతే. మిగతా సగం వంకరగా ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. ఎవరేమన్నా ఎదురుమాట నా నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. అలాంటి నేను ఒక బుధవారం ఉదయం బడి సైన్సు గదిలో నోరు తెరిచి, మూయడం మరిచిపోయి నిలబడ్డాను. ఎదురుగా ఒక చిన్న తెర. దాని మీద మూడు ఎర్రటి అంకెలు. వాటిని చూసి మా మామయ్య ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

ఆ అంకెల సంగతి చెప్పాలంటే ముందు మామయ్య సంగతి చెప్పాలి.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. తక్కెడలు, కాటాలు బాగుచేస్తాడు. ఊరంతా తూకమయ్య అంటారు. సైకిల్ షాపుకీ దర్జీ కొట్టుకీ మధ్య, మనిషి అడ్డంగా తిరిగితే తప్ప పట్టని గది ఆయనది. గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు తక్కెడ దండెలు, బల్ల మీద ఆకురాళ్లు, మూల సీసం కరిగించే మూకుడు. ఆ గది ముందు వరండాలో నేను బోర్డులు రాసుకుంటాను. అద్దె అడగడు. నా కబుర్లే అద్దె అంటాడు అత్తయ్యతో, అది కూడా ఎక్కువేనని ఆవిడ అంటుంది.

మామయ్య సరిచేసిన కాటా మీద ఈగ వాలితే, అది తిని వచ్చిందో పస్తుతో వచ్చిందో ముల్లు చెప్పేసేది. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు ఎవరి మాటకు బరువెక్కువో తేల్చమని వచ్చి చెరో పళ్లెంలో నోరు పెట్టి అరిచారు. ముల్లు పెద్దవాడి వైపు వంగింది. చిన్నవాడు అప్పటినుంచి మౌనంగానే ఉన్నాడు. నమ్మకపోతే వెళ్లి పలకరించండి, మాట్లాడితే అడగండి.

ఇవి కాక, నేను ఒక్క ముక్క కూడా కలపక్కర్లేని సంగతి ఒకటుంది. మామయ్య ఏది తూచినా రెండుసార్లు తూచేవాడు. మొదట సరుకు ఎడమ పళ్లెంలో, రాయి కుడి పళ్లెంలో. తర్వాత రెండింటినీ అటూ ఇటూ మార్చి మళ్లీ. మార్చినప్పుడు ముల్లు మాట మారిస్తే తక్కెడలో మోసం ఉన్నట్టు. మార్చినా అదే మాట చెబితే నిజం. తక్కెడల దగ్గర నేర్చుకున్న ఈ పద్ధతిని ఆయన మనుషుల దగ్గరికి కూడా తీసుకొచ్చాడు.

"విలువంటే ఏంట్రా? నువ్వు నీ వైపు కూర్చుని చెప్పేది కాదు. అవతలి పళ్లెంలో కూర్చున్నా నీ నోట అదే మాట వస్తే, అదీ విలువ" అనేవాడు.

మా సందు మొదట్లో చెత్త కుండీ పెట్టించాడు కౌన్సిలర్. పై వీధివాళ్ల చెత్త కూడా మాకే. అడగబోతే కసిరాడు.

"ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా తూకమయ్యా, నా నెత్తిన పెట్టుకోమంటావా?"

"నెత్తినెందుకు బాబూ, నీ గుమ్మం ముందు పెట్టుకో, వారం రోజులు. ఆ తర్వాత కూడా 'ఎక్కడో ఒకచోట' అనే మాట నీ నోట వస్తే, మా సందువాళ్లు కిక్కురుమనరు. పూచీ నాది."

పదిమందిలో అన్న మాట. కాదంటే పరువు పోతుంది. కౌన్సిలర్ సరేనన్నాడు. మూడో రోజుకే వాళ్ల అత్తగారు పెట్టె సర్దుకుని పుట్టింటికి బయలుదేరింది. ఆ వయసులో పుట్టింట్లో ఎవరూ లేరని గుర్తు చేసినా వినలేదట. అయిదో రోజున కుండీ ఊరి చివర ఖాళీ స్థలానికి వెళ్లింది.

బడిలో హెడ్మాస్టరమ్మ మార్కుల వరసన బెంచీలు వేయించింది. మొదటి మార్కు మొదటి బెంచీ, చివరి మార్కు చివరి బెంచీ. మామయ్య వెళ్లి, "ఒక్క పీరియడు చివరి బెంచీలో కూర్చోండమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వుతూ కూర్చుంది. బోర్డు మీద అక్షరాలు కనబడలేదు, ఫ్యాను మోతకు పాఠం వినబడలేదు. మర్నాటి నుంచి బెంచీలు వారానికోసారి మారడం మొదలైంది. నేను చదివే రోజుల్లో ఆ పని జరిగుంటే ఏడో తరగతి రెండుసార్లతోనే సరిపెట్టేవాణ్ని.

ఇలా కౌన్సిలర్ నుంచి కాపురాల దాకా ఊళ్లో ఏ తగువైనా ఆ ఇరుకు గదికే వచ్చేది. అత్తయ్య మాత్రం లొంగేది కాదు. "మీ మామయ్య న్యాయమంతా వీధిలోకే. ఇంట్లో ఉన్నది ఒక్కటే పళ్లెం, అదీ నేనే కడుగుతున్నా" అనేది. మామయ్య సిగ్గుపడి ఒక ఆదివారం వంటింట్లోకి వెళ్లాడు. మధ్యాహ్నానికి ఫైరింజను వచ్చింది. సరే, ఫైరింజను రాలేదు. పొగ చూసి పక్కింటివాళ్లు మాత్రం బిందెలతో వచ్చారు.

ఈ తూకాలన్నింటికీ మూలం ఒక ఇత్తడి కిలో రాయి. మామయ్య తండ్రి కాలం నాటిది. మెత్తని గుడ్డ పరిచిన చెక్క పెట్టెలో ఉండేది. రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే మామయ్య దాన్ని ఇటుక పొడితో తోమి, కడిగి, తుడిచి, దీపంలా మెరిసేదాకా చూసుకునేవాడు. ఆయనకు ముందు వాళ్ల నాన్న కూడా అంతే. ఊళ్లో ఎవరి రాయి అయినా ఆ రాయి పక్కన నిలబడి పాసు కావలసిందే. బరువెక్కువైతే అడుగునున్న సీసం కాస్త గీకేవాడు, తక్కువైతే పోసేవాడు. కరెంటు కాటాలు వచ్చాక వాటినీ తన రాయికే సరిదిద్దాడు. ఏడాదికోసారి వచ్చే తనిఖీ అధికారి కూడా ఆ రాయితోనే సరిచూసి, టీ తాగి, ముద్ర వేసి వెళ్లేవాడు.

ఆ బుధవారం హెడ్మాస్టరమ్మ మామయ్యను బడికి పిలిచింది. వారానికోసారి పిల్లలకు విలువల పీరియడు అట. "పుస్తకంలోవి చెప్తే నిద్రపోతున్నారండీ, మీరొచ్చి మీ మాటల్లో చెప్పండి" అంది. మామయ్యకు ముందురోజు అన్నం సయించలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రాయి పెట్టె నేను మోశాను.

సైన్సు గదిలో నలభైమంది పిల్లలు. బల్ల మీద కొత్తగా తెప్పించిన ఎలక్ట్రానిక్ కాటా, దాని పక్కన సైన్సు మాస్టారు. గుమ్మం దగ్గర గంట కొట్టే ఆయా గోడకు ఆనుకుని నిలబడింది, పీరియడు ఎప్పుడవుతుందా అని. ఆవిణ్ని ఊళ్లో తుక్కమ్మ అంటారు.

మామయ్య బాగా మాట్లాడాడు. చెత్త కుండీ కథకు పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ ఊపులో మరో కథ ఎత్తుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ల కిందట ఒకావిడ పాత ఇనుము, పాత కాగితాలు కొనే కొట్టు పెట్టింది. ఆవిడ కిలో రాయి నా రాయి కంటే పద్నాలుగు గ్రాములు బరువుంది. అమ్మేవాళ్ల రాయి తేలికైతే మోసం. కొనేవాళ్ల రాయి బరువైతే మోసం. ఎందుకో చెప్పండి?"

"ఎక్కువ సరుకు లాగేస్తారు!" అన్నారు పిల్లలు.

"శభాష్. నా రాయి కొత్తది, అందులో తప్పు లేదు అందావిడ. నేను తొందరపడలేదు. పళ్లేలు మార్చి చూశాను. అదే పద్నాలుగు. నెల తర్వాత మళ్లీ వచ్చింది, మళ్లీ మార్చి చూశాను. అదే పద్నాలుగు. విలువంటే అలా మాట మార్చకుండా నిలబడాలి."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. గుమ్మం దగ్గర తుక్కమ్మ చూపు నేల మీదకు దిగింది. ఆ కొట్టు ఆవిడదే. ఆ కథ జరిగినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, వరండాలో బోర్డు రాస్తూ అంతా చూశాను. మామయ్య అన్నది "తేడా ఉంది" అన్న రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలు నాకు చప్పగా అనిపించాయి. ఆవిడ రాయికి రహస్యంగా బెజ్జం వేసి అరచేతి మందాన సీసం పోసిందనీ, నా కళ్లతో చూశాననీ టీ కొట్టు దగ్గర చెప్పాను. సాయంత్రానికి ఊరంతా అదే చెప్పుకుంది. నెలన్నరకు కొట్టు మూతపడింది.

"ఇదిగో, ఆ నా రాయి ఇదే" అంటూ మామయ్య పెట్టె తెరిచాడు. గదిలో వెలుగు పడ్డట్టయింది. "ఈ లోకంలో మారనిది ఏదైనా ఉంటే ఇది. మాస్టారూ, మీ కాటాకు కూడా ఒక పరీక్ష పెడదామా?"

మాస్టారు నవ్వి జరిగాడు. మామయ్య రాయిని రెండు చేతులతో పట్టుకుని, పసిపాపను పడుకోబెట్టినట్టు కాటా మీద పెట్టాడు.

మొదటి బెంచీలో ఉన్న రెండు జడల పిల్ల గట్టిగా చదివింది. "తొమ్మిది వందల డెబ్బై ఎనిమిది!"

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "మీ మెషిన్ ఇంకా వేడెక్కలేదండీ."

తీసి మళ్లీ పెట్టాడు. 978. కాటా తిప్పి పెట్టాడు. 978. ఆయన చేతులు అలవాటుగా రెండో పళ్లెం కోసం వెతికాయి. అక్కడ మార్చడానికి రెండో పళ్లెం లేదు.

మాస్టారు బీరువాలోంచి సీలు విప్పని కొత్త కిలో రాయి తీసి పెట్టాడు. 1000. మరొకటి పెట్టాడు. 1000. మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు.

"దీన్ని రోజూ దేంతో తోముతారండీ?"

"ఇటుక పొడితో."

"ఎన్నేళ్లుగా?"

మామయ్య తన వేళ్ల వంక చూసుకున్నాడు. వాళ్ల నాన్న, తను కలిసి యాభై ఏళ్లు. రోజుకు కంటికి కనబడనంత. ఆ మురికి నీళ్లలో ఇత్తడి పోతోందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. పళ్లేలు మారిస్తే తక్కెడ దొంగతనం బయటపడుతుంది. రాయి దొంగతనం బయటపడదు. రాయి తగ్గితే రెండు వైపులా ఒకేలా తగ్గుతుంది. ఇంత చిన్న సంగతి నలభై ఏళ్లు తక్కెడలతో బతికిన మనిషికి తట్టలేదు. ఏడో తరగతి మూడుసార్లు చదివిన నాకూ తట్టలేదు.

అప్పుడు ఆ రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "తాతగారూ, మరైతే ఆవిడ రాయే కరెక్టేమో కదా?"

మామయ్య మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. మరుక్షణం గంట మోగింది.

హెడ్మాస్టరమ్మ తన గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేసింది. కౌన్సిలర్‌కు ఎవరు చేరవేశారో, పది నిమిషాల్లో స్కూటరేసుకుని వచ్చేశాడు.

"చూడు తూకమయ్యా, ఊళ్లో ప్రతి కాటా నీ రాయికే దిద్దావు. ఇన్నేళ్లుగా ప్రతి కొట్టూ కిలోకి ఇరవై గ్రాములు తగ్గించి ఇచ్చిందని తెలిస్తే ఏమవుద్దో తెలుసా? కొట్టుకు చస్తారు. ఎలక్షన్లు నెత్తి మీదున్నాయి. ఒక్కో కాటా తెచ్చుకుని చడీచప్పుడు కాకుండా దిద్దేయ్."

"పిల్లలకు నేను ఏదో ఒకటి చెప్తాలెండి. మెషిన్ పాడైందంటే సరిపోతుంది" అంది హెడ్మాస్టరమ్మ.

"విలువల పీరియడులోనా అమ్మా?" అన్నాడు మామయ్య. ఎగతాళి లేదు గొంతులో. నిజంగానే అడిగాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"నీకే మంచిది కాదు. నలభై ఏళ్ల పేరు!" అన్నాడు కౌన్సిలర్.

"నా పేరు సంగతి తర్వాత. ముందు ఆవిడ పేరు చెడగొట్టాను" అని లేచాడు మామయ్య.

తుక్కమ్మ గది బడి వెనక, గేటు పక్కన. మంచం, స్టవ్వు, ఒక రేకు పెట్టె. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. మామయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, నీ రాయి..."

"ఉంది. పారేస్తాననుకున్నావా?"

"నా రాయిదే తప్పు."

"ఆ సంగతి నాకు పద్దెనిమిదేళ్ల కిందటే తెలుసు. పట్నం వెళ్లి తూయించి, ముద్ర కాగితం పట్టుకొచ్చా. గుర్తుందా?"

"గుర్తుంది. కాగితాన్ని తూచలేను, రాయి పెట్టు అన్నాను."

"అందరూ నవ్వారు."

"నవ్వారు."

"నువ్వు నవ్వలేదు. అదే నా కడుపు మంట. నవ్వుంటే, పోనీలే, ఎగతాళి చేశాడనుకుని పోయేదాన్ని. నువ్వు పాపం శ్రద్ధగా పళ్లేలు మార్చి, నన్ను దొంగని చేశావు. న్యాయం చేసినవాణ్ని ఎవరి దగ్గరికెళ్లి తిట్టుకోను?"

మామయ్య గుమ్మం పట్టుకున్నాడు. ఆవిడ చూపు ఆయన భుజం మీదుగా నా మీదకు వచ్చింది.

"సీసం పోశానన్నది నువ్వే కదరా?"

నా నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఆ రోజు లేదు. "నేనే పెద్దమ్మా" అన్నాను.

"నా కూతుర్ని బళ్లో పిల్లలు సీసం, సీసం అని పిలిచేవాళ్లు. ఏడో తరగతి సగంలో మానేసింది. ఎంత బతిమాలినా గేటు దాటలేదు. నువ్వేమో మూడుసార్లు చదివానని గొప్పలు చెప్పుకుంటావు."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆ ఏడో తరగతి ముక్కతో ఊరంతటినీ ఇన్నేళ్లు నవ్వించాను. దాని అవతల ఒక పిల్ల ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆవిడ రేకు పెట్టె తెరిచి, నూనె గుడ్డలో చుట్టిన రాయి తీసింది. నల్లగా, మొద్దుగా ఉంది. ఒక్కరోజు కూడా తోమినట్టు లేదు. సైన్సు గదికి తనే మోసుకెళ్లి తనే పెట్టింది. 1000. మామయ్య దండం పెట్టాడు.

"అక్కా, దీన్ని నాకివ్వు. ఊళ్లో ప్రతి కాటా దీనికి దిద్దుతాను. ఎవరి రాయో చెప్పి మరీ దిద్దుతాను."

"ఇవ్వను. కావలసినవాళ్లు ఇక్కడికే రావాలి. నేను కూర్చుంటాను, నువ్వు దిద్దు."

ఆ మధ్యాహ్నం నుంచి మామయ్య కొట్టు కొట్టుకీ తిరిగాడు. వెంట నేనున్నాను. ఒక్కో గుమ్మంలో ఒకే మాట చెప్పాడు. "నా రాయి తరిగిపోయింది. మీ తూకం తప్పు నాది. తుక్కమ్మ రాయి సరైనది, అప్పుడూ సరైనదే." నేను పక్కన నిలబడి, "సీసం కథ నేను అల్లింది" అనేవాణ్ని. నా జీవితంలో అలంకారం లేకుండా చెప్పిన వాక్యం అదొక్కటే. నమ్మించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. "పోవయ్యా, ఇదేదో నీ కొత్త కథ" అన్నారు సగంమంది. నా మీద ఊరికున్న నమ్మకం అంత గట్టిది.

కూరల దుకాణం ఆయన మామయ్య చొక్కా పట్టుకున్నాడు. "నాతో ఇన్నేళ్లు దొంగతూకం తూయించావా?" అని ఏడ్చినంత పని చేశాడు. చక్కెర కొట్టువాడు తలుపు వేసేసుకున్నాడు. దర్జీ మాత్రం తనకు గజంబద్దే గానీ కిలోలతో పని లేదని, పాపం, వచ్చి మామయ్యకు మంచినీళ్లిచ్చాడు.

ఆదివారం బడి వరండాలో తుక్కమ్మ స్టూలు మీద కూర్చుంది, రాయి ఒళ్లో పెట్టుకుని. మామయ్య కింద గచ్చు మీద తక్కెడ, ఆకురాయి, సీసం మూకుడు పెట్టుకుని కూర్చున్నాడు. గంటన్నర ఎవరూ రాలేదు. కౌన్సిలర్ గేటు దాకా వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. చివరికి కూరల దుకాణం ఆయనే తిట్టుకుంటూ తన రాళ్లు సంచీలో వేసుకొచ్చాడు. ఆయన వెనక ఇద్దరు. సాయంత్రానికి గేటు దాకా వరస. ఒక్కొక్కరూ ముందు ఆవిడ దగ్గర ఆగి, "అమ్మా, కాస్త చూడు" అనక తప్పలేదు. ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. తన రాయి పళ్లెంలో పెట్టి, ముల్లు చూసి ఎంత తేడానో చెప్పేది. మామయ్య దిద్దేవాడు.

ఇది జరిగి రెండేళ్లయింది. మామయ్యను ఇప్పుడు ఎవరూ తగువులు తీర్చమని అడగరు. అడిగినా, "నాకు తెలియదు బాబూ" అంటాడు. రోజూ పొద్దున బడి గంట మోగాక తుక్కమ్మ గది ముందు నిలబడి, "అక్కా, రాయి" అంటాడు. ఆవిడ ఇస్తే తెచ్చుకుని పని చేసి, సాయంత్రం తిరిగిచ్చేస్తాడు. ఒక్కోరోజు ఆవిడ తలుపు తీయదు. ఎందుకో మామయ్య అడగడు. తిరిగొచ్చి, కొట్టు తాళం తీయకుండా, నా పక్కన వరండాలో ఊరికే కూర్చుంటాడు. ఎవరైనా కాటా పట్టుకొస్తే, "ఇవాళ ఆవిడకు ఇష్టం లేదు, రేపు రండి" అని చెప్తాడు.